పులగములోని పాళ్లు

మనము పులగమనుదానిని ఉత్తరదేశీయులు ఖిచిడీ యందురు. 1333లో మన దేశమునకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఇచటివారు పెసలను బియ్యముతో నుడికించి, నేయి కలిపి, ప్రతిదినము ఉదయమున భుజింతురని వ్రాసెను. అక్బరు కాలమున అబుల్ ఫజల్ రచించిన 'ఐనీ అక్బరీ' పాళ్లను గూడ తెలిపినది: బియ్యము ఐదు సేర్లు, పప్పు ఐదు సేర్లు, నేయియు ఐదు సేర్లే!

నేతి మాట అటుంచుదము. అది చక్రవర్తి వంటశాల. పప్పు మాట మాత్రము విడువరాదు. బియ్యపు మాంసకృత్తులలో లైసిను కొరవడును. పప్పున నది సమృద్ధి. పప్పున కొరవడు మిథియోనిను బియ్యమున గలదు. రెండును కలిసినపుడు ఒకదాని లోటును వేరొకటి పూరించును. పూర్వులకు ఈ పేర్లు తెలియవు. ఈ పొత్తు తెలియును.

అయితే ఈ మేలు పాళ్లను బట్టి యుండును. మానెడు బియ్యమునకు పిడికెడు పప్పు రాల్చి పసుపు వేసినచో రంగు వచ్చును గాని బలము రాదు. మూడు పాళ్ల బియ్యమునకు ఒక పాలైనను పప్పుండవలెనని నేటి పోషకశాస్త్రజ్ఞుల మాట. మిక్కిలి తెల్లగా మరపట్టించిన బియ్యమునుండి బి1 విటమిను తవుడుతో పోవుననియు మరువరాదు.

పసిబిడ్డకును, జ్వరము నుండి తేరుకొన్నవారికిని మనము మొదట పెట్టునది ఈ మెత్తని ముద్దయే గదా! ఆ ముద్దలో పప్పు తగ్గించి మిగిల్చిన కాసులు మిగులు కావు.