శునకవంశమునకు కావలివారు

1780వ సంవత్సరమున ఇటలీదేశమందలి పావియా విశ్వవిద్యాలయములో ప్రకృతిశాస్త్రాచార్యుడుగా నుండిన లాజరో స్పలంజాని యను క్రైస్తవ మతాచార్యుడు, కప్పలయందు తాను జరిపిన ప్రయోగములు సఫలములగుటచే ధైర్యము చిక్కి, ఒక ఆడుకుక్కను గదిలో బంధించి, తిండియు నీరును స్వహస్తములతో నందించుచు, అది ఎదకు వచ్చువరకు వేచియుండి, మగకుక్క వీర్యమును శరీరోష్ణమునకు సరిపడ వెచ్చచేసిన పిచికారితో దాని గర్భాశయములోనికి ఎక్కించెను. 62 దినములకు అది మూడు పిల్లలను ఈనెను. క్షీరజంతువులయందు కృత్రిమ గర్భధారణ సఫలమైనట్లు శాస్త్రీయముగా వ్రాయబడిన మొదటి వృత్తాంతమిదియే. అయితే ఇందు నన్నాకర్షించునది పిచికారి కాదు, తాళపుచెవి. గది తాళపుచెవిని ఆయన ఎవ్వరి కప్పగింపక తనయొద్దనే యుంచుకొనెను. వేరొక మగకుక్క లోనికి రాలేదని లోకమునకు రుజువు చూపుటకే ఈ జాగ్రత్త. ఆ ఆడుకుక్కకు అపాయము కలుగునా యను ప్రశ్న అప్పటి కింకను పుట్టలేదు. పుట్టబోవు పిల్లలకు తండ్రి యెవరను ప్రశ్న మాత్రము మొదటినాడే పుట్టినది. ఈ విద్యకు తరువాతి రెండు శతాబ్దములలో ఏర్పడిన కట్టుబాట్లలో అధికభాగము ఆ తాళపుచెవి సంతతియే యని నా యభిప్రాయము.

స్పలంజాని అండవాది, భావిజీవి సమస్తమును తల్లి అండమునందే సూక్ష్మరూపమున నిమిడి యుండునని నమ్మినవాడు. వీర్యమందు చలించు సూక్ష్మజీవులను అంతకు నూరేండ్లకు పూర్వమే హాలండులో లీవెన్‌హుక్ కన్నులార చూచియుండగా, అవి గర్భోత్పత్తికి కారణములని ఒప్పుకొనక, తన సిద్ధాంతమును తానే పడగొట్టదగిన ప్రయోగమును ఆయన అతి నైపుణ్యముతో జరిపెను. శాస్త్రచరిత్రలో ఇట్టి వింతలు పెక్కులు గలవు.

అటుపిమ్మట ఈ విద్య ఆచార్యుల గదులనుండి శ్రీమంతుల కుక్కలశాలలకు పోయినది. ప్రఖ్యాత చిత్రకారుని కుమారుడగు సర్ ఎవరెట్ మిలే, ఫ్రాన్సుదేశమునుండి పొట్టికాళ్ల బాసెట్ వేటకుక్కలను ఇంగ్లండునకు తెచ్చి, సమీపబాంధవ్యముచే క్షీణించుచున్న ఆ జాతికి కొత్తరక్త మెక్కించుటకై ఉన్నతకాయమగు బ్లడ్‌హౌండు జాతితో సంకరము చేయదలచెను. ఎత్తులో నంత భేదమున్న జంతువులకు సహజసంయోగము సుకరము గాదు గనుక ఆయన పిచికారినే యాశ్రయించెను. 1884 మొదలు 1896 వరకు ఆయన 19 ఆడుకుక్కల కిట్లు ప్రయత్నింపగా వానిలో 15 చూలు దాల్చినవని వాల్టర్ హీప్ అను శాస్త్రజ్ఞుడు 1897లో ప్రకటించెను. ఆ సంవత్సరమే మిలే మరణించెను. ఆ సంవత్సరమే ఫ్రాన్సిస్ గాల్టన్, ఆ బాసెట్ కుక్కల వంశవృత్తాంతములే యాధారముగా, సంతానమున పూర్వికుల భాగమెంతయో గణించు తన యానువంశిక నియమమును వెల్లడించెను. ఇట్టి వంశవృత్తాంతములకు కావలిగా, లండనులో కెన్నెల్ క్లబ్బు అంతకు ముందే 1873లో వెలసియుండెను. మరు సంవత్సరము దాని వంశావళీ గ్రంథము అచ్చుపడెను. శునకప్రజననమున ధర్మశాస్త్రమన్నను, న్యాయస్థానమన్నను ఆ గ్రంథమే. అందు పేరెక్కనిచో ఎంత చక్కని పిల్లయైనను నాటుకుక్కయే!

ఇక పశువైద్యు డెక్కడ? మిలే పశువైద్యుడు కాడు, కానక్కరయు లేకుండెను. బ్రిటనులో పశువైద్యుల రాజ కళాశాలకు 1844లోనే రాజపత్రము లభించినను, 1881 నాటి శాసనము పశువైద్యుడను బిరుదును మాత్రమే కాపాడినది. బిరుదు పెట్టుకొనకున్నచో ఎవరైనను జంతువులకు వైద్యము చేయవచ్చును. అర్హత లేనివారిచేతినుండి వృత్తిని తప్పించిన శాసనము 1948లో గాని రాలేదు. దానికి బదులుగా వచ్చిన 1966 నాటి శాసనమే నేటికిని అచ్చట ప్రమాణము.

ఈలోగా విద్యయు ముందుకు సాగినది. 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు గ్లిసరాల్ కలిపినచో వీర్యకణములు గడ్డకట్టు చలికి తట్టుకొనగలవని కనిపెట్టుటతో కాలమునకును దూరమునకును ఉన్న యడ్డు తొలగినది. దీనివలన గోజాతి ఎక్కువ లాభపడినది. మైసూరు రాజభవనమునకు చెందిన పాడిపశువులశాలలో 1939లోనే ఆరంభమైన గోవుల కృత్రిమ గర్భధారణ, నేడు మన పల్లెలలో గోపాలమిత్రులనబడు పశుసేవాకార్యకర్తల చేతిమీదుగా, ఏ రైతును ఆశ్చర్యపరచని దినచర్య యైపోయినది. శునకముల విషయమున నడక మందము. ఘనీభవింపజేసిన వీర్యమువలన కుక్కపిల్లలు పుట్టినట్లు అమెరికాలో స్టీఫెన్ సీగర్ 1969లో ప్రకటింపగా, అమెరికన్ కెన్నెల్ క్లబ్బు అట్టి పిల్లలను తన గ్రంథమున కెక్కించుకొనుటకు 1981 వరకు ఆగెను. ఒప్పుకొన్నపిదప అది విధించిన నిబంధనలు చూడుడు: వీర్యము సేకరించిన దినము, మగకుక్క గుర్తు, నిలువచేసినవారి లెక్కలు, పిమ్మట డీఎన్‌ఏ పరీక్ష. అన్నియు తండ్రిని నిర్ణయించుటకే. స్పలంజాని తాళపుచెవి కాగితపురూపము దాల్చినది.

తల్లి శరీరముపై దృష్టి మరలుటకు కారణము నీతికంటె ముందుగా శరీరధర్మమే. ఆడుకుక్క అండములు అపక్వదశలోనే విడుదలయై రెండు మూడు దినములకు గాని పక్వము నొందవు. గడ్డకట్టి కరగిన వీర్యకణములు ఒక దినమునకు మించి బ్రతుకుట కష్టము. కావున ముహూర్తము తప్పరాదు. రక్తమున ప్రొజెస్టిరోన్ అను హార్మోను ఎంతయున్నదో పరీక్షింపవలెను, వీర్యమును గర్భాశయములోనికే చేర్చవలెను. దీనికి రెండు మార్గము లేర్పడినవి. 1970ల యందు నార్వేలో ఆండర్సన్ యనునతడు, పొట్టమీదినుండి వ్రేళ్లతో గర్భాశయకంఠమును పట్టి నిలిపి, సన్నని గొట్టమును దానిగుండ పంపు పద్ధతిని నెలకొల్పెను. రెండవది కడుపు కోసి గర్భాశయమున సూదితో ఎక్కించుట. మొదటిదానికి హస్తలాఘవము కావలెను. రెండవదానికి మత్తుమందు, కత్తి, కుట్లు కావలెను. జంతువునకు ఏ రోగమును లేనప్పుడు, యజమాని కోరిన పిల్లలకొరకు దాని కడుపు కోయవచ్చునా? స్వీడను, నార్వే కూడదన్నవి. చాలకాలము సందిగ్ధమున నున్న బ్రిటనుకూడ తుదకు కూడదనియే తేల్చినది. అమెరికాలో నేటికిని జరుగుచున్నది.

1911లో వెలసిన అంతర్జాతీయ శునకసంఘము, పూర్వ మెన్నడును సహజముగా సంతానము పొందని జంతువులకు కృత్రిమ గర్భధారణ జరుపరాదని తన నియమావళిలో చేర్చినది. ఈ విషయమై వ్రాయబడిన నియమములలో నాకు మిక్కిలి వివేకవంతముగా తోచున దిదియే. సంయోగము చేయలేని జంతువును పిచికారి వంశకర్తను చేసినచో ఆ యశక్తతయు వంశమున స్థిరపడును. బుల్‌డాగు, ఫ్రెంచి బుల్‌డాగు, బోస్టన్ టెరియర్ జాతులయందు నూటికి ఎనుబదికి పైగా కాన్పులు శస్త్రచికిత్సచేతనే జరుగుచున్నవని 2010లో బ్రిటనున ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. పిచికారితో మొదలై కత్తితో ముగియు వంశము నెవరి సౌందర్యదృష్టికై నిలుపుచున్నారో వారే చెప్పవలెను.

మనదేశమున 2017లో వెలువడిన శునక ప్రజనన విక్రయ నియమములు, పదునెనిమిది నెలలు నిండని ఆడుకుక్కను జతకట్టించరాదనియు, సంవత్సరమునకు ఒక్క ఈతను మించరాదనియు, పశువైద్యుని యారోగ్యపత్రము ఉండవలెననియు శాసించినవి. ఇంగ్లండులో 1973 నాటి శాసనము వసతి, ఆహారము, పడక మొదలగువానిని విచారించినది. 1999 నాటిది ఈతల సంఖ్యకు మేర పెట్టినది. 2018 నాటి నిబంధనలు మరియొక యడుగు వేసి, ఏ జంతువు జన్యులక్షణముచేతగాని దేహనిర్మాణముచేతగాని తనకో తన పిల్లలకో కీడు తెచ్చునని తెలియునో దానినుండి సంతతి పొందరాదన్నవి.

అంతలో ఫ్రెంచి బుల్‌డాగు వెల పెరుగుటతో ఆ దేశమున వీథివీథిని శునక సంతానకేంద్రములు వెలసినవి. పెక్కింటిలో పశువైద్యుడే లేడు. అచ్చటి పశువైద్యుల కళాశాల గీచిన సరిహద్దు విచిత్రమైనది. గర్భాశయకంఠమునకు ఈవలివరకు వీర్యము చేర్చుట ఎవరైనను చేయవచ్చును. ఆ కంఠము దాటుట పశువైద్యుని పని. ప్రొజెస్టిరోన్ కొలుచు యంత్రము నెవరైనను కొనవచ్చును. దానికి వలయు రక్తమును నరమునుండి తీయుట మాత్రము సామాన్యుని కధికారము లేని పని. పిల్లల నమ్మువానికి లైసెన్సు అవసరము గాని, వాని కుక్కకు రుసుము పుచ్చుకొని పిచికారి వేయు కేంద్రమునకు ఆ 2018 నిబంధనలలో చోటే లేదు. బ్రిటిషు పశువైద్య సంఘము ఆ లోపమునే యెత్తిచూపుచు, ఇట్టి కేంద్రములనుకూడ శాసనపరిధిలోనికి తేవలెనని ప్రభుత్వమును కోరుచున్నది.