ఆభా కార్డు ఉన్నా పాత రిపోర్టులు డాక్టర్‌కి ఎందుకు కనిపించవు? అసలు విషయం ఇదీ!

ఖమ్మంలోని ఓ క్లినిక్‌లో ఏళ్లుగా షుగర్‌కి మందులు వాడుతున్న వ్యక్తి.. ఉన్నట్టుండి హైదరాబాద్‌లో ఆస్పత్రిలో చేరాడనుకుందాం. ఫైల్ ఇంట్లోనే ఉండిపోయింది. ఏ ఇంజెక్షన్ పడదో ఆయనకే గుర్తు లేదు. ఫోన్‌లో ఆభా కార్డు ఉందిగా, అన్నీ అందులోనే ఉంటాయిలే అని ఇంట్లోవాళ్ల ధీమా. తీరా చూస్తే డాక్టర్ స్క్రీన్ మీద ఏమీ లేదు. మళ్లీ అవే టెస్టులు, మళ్లీ అదే ఖర్చు!

నంబర్‌లో రిపోర్టులు ఉండవు

ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 14 అంకెల నంబర్. 2020లో ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభించారు. నేషనల్ హెల్త్ అథారిటీ దీన్ని నడుపుతోంది.

చాలామంది అనుకుంటున్నట్టు అందరి రిపోర్టులూ ఢిల్లీలో ఒకే సర్వర్‌లో ఉండవు. ఏ ఆస్పత్రి, ఏ ల్యాబ్ రిపోర్టు ఇస్తే అది వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎవరి రికార్డు ఎక్కడుందో వెతికిపట్టుకోవడానికే ఈ నంబర్. అంటే ఖమ్మం క్లినిక్ సాఫ్ట్‌వేర్ ఈ నెట్‌వర్క్‌లో చేరాలి, ఆ రికార్డును పేషెంట్ ఆభాకి లింక్ చేయాలి. చీటీ మీద రాసిచ్చి పంపేస్తే హైదరాబాద్‌లో ఏం కనిపిస్తుంది?

ఓపీ కౌంటర్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వెళ్లేది పేరు, వయసు, ఫోన్ నంబర్, అడ్రస్ లాంటి వివరాలే. క్యూ తగ్గుతుంది, టోకెన్ వస్తుంది. రిపోర్టులు మాత్రం వెళ్లవు.

ఒకరి భాష ఇంకొకరికి అర్థం కావాలిగా!

ఒక్కో ఆస్పత్రిది ఒక్కో సాఫ్ట్‌వేర్. ఒకచోట షుగర్ 126 అని ఉంటుంది. లండన్ నుంచి వచ్చినవాళ్ల రిపోర్టులో 7 అని ఉంటుంది. రెండూ ఒకటే! మొదటిది మిల్లీగ్రాముల లెక్క, రెండోది మిల్లీమోల్ లెక్క. ఏ టెస్టు, ఎంత వచ్చింది, ఏ కొలత అన్నది విడివిడి గడుల్లో పంపేందుకే ‘ఫైర్’ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దగ్గర కూడా అదే వాడుతున్నారు. కానీ పేపర్‌ని ఫొటో తీసి పీడీఎఫ్‌గా పెడితే.. డాక్టర్ చదవగలరు గానీ, ‘ఈ మందు ఈయనకు పడదు’ అని సాఫ్ట్‌వేర్ తనంతట తాను హెచ్చరించడం కష్టం.

పేర్లతో ఇంకో తిరకాసు. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. ఆధార్‌లో పూర్తి పేరు, ఆస్పత్రిలో ముద్దుపేరు. పైగా ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ నంబర్! పాత రికార్డుల్ని పేరు, ఫోన్ నంబర్, పుట్టిన సంవత్సరం చూసే వెతుకుతారు కాబట్టి ఇక్కడ తేడా వస్తే రికార్డు దొరక్కపోవచ్చు.

ఓకే చెప్పాల్సింది పేషెంటే

రికార్డు లింక్ అయినా, కొత్త ఆస్పత్రి అడిగితే పేషెంట్ ఫోన్‌కి రిక్వెస్ట్ వస్తుంది. ఏ రిపోర్టులు, ఏ తేదీల మధ్యవి, ఎన్నాళ్లు చూడొచ్చు అన్నది పేషెంటే ఎంచుకోవచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఆభా తీసుకోవడం ఉచితం, తప్పనిసరి కాదు. 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు వేరు, ఇది వేరు. ఆభా చూపిస్తే బిల్లు తగ్గదు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ‘మా రికార్డు ఆభాకి లింక్ చేశారా?’ అని కౌంటర్‌లోనే అడిగి, యాప్‌లో వచ్చిందో లేదో చూసుకోవాలి. రాకపోతే పాత ఫైల్ వెంట ఉండాల్సిందే.