ప్రాణము నిలుపు మందు – రక్తమున పెరుగు చక్కెర

నల్లమల అడవుల అంచున, కర్నూలు నుండి దోర్నాల పోవు బాటలో ఆత్మకూరు కలదు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడువరకు అది కర్నూలు జిల్లాలోని ఊరు. ఒకమారు మేమచ్చటికి పోయినపుడు, ఉద్యోగ విరమణ చేసిన పంతులుగారొకరు తమ నోటు పుస్తకమును మా చేతికిచ్చిరి. ఆయనకు చాలకాలముగా చక్కెర వ్యాధి కలదు. ఉబ్బసము ముదిరినందున వైద్యులు కొన్ని దినములకు ప్రెడ్నిసొలోన్ మాత్రలు వ్రాసిరట. పుస్తకములో ఒక ప్రక్క, ఉదయము పరగడుపున చూచుకొన్న లెక్కలు: 112, 118, 109. ఎదుటి ప్రక్క ఒకే యొక్క సాయంకాలపు లెక్క: 338.

"తెల్లారి సూస్తే బాగనే ఉంటాది. మాపటికి ఇంత యాడనుంచి వస్తాంది సార్? మిషనే తప్పు సూపిస్తాందేమో!" అని ఆయన సందేహము.

మిషను తప్పు కాదు. ఆ రెండు లెక్కల వెనుక పెద్ద చరిత్రయే కలదు. దానిని శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

మధుమేహము మనకు క్రొత్త వ్యాధి కాదు. చరక సుశ్రుతులు దానిని ఎరిగినవారే. కాని దానికి గట్టి మందు దొరకినది 1921లో, కెనడా దేశపు టొరాంటో నగరమున, బాంటింగు, బెస్టు మొదలగువారి కృషి వలన. 1922 జనవరిలో లెనార్డు థామ్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి తొలి ఇన్సులిన్ సూది వేసిరి. దానితో వ్యాధి మర్మమంతయు క్లోమములోనే ఉన్నదని చాలమంది తలచిరి. అది సగము నిజము. అర్జెంటీనాలో హూసే అను శాస్త్రజ్ఞుడు, క్లోమము తీసివేసిన కుక్కలకు పిట్యూటరీ గ్రంథిని కూడ తొలగించి చూడగా మధుమేహ తీవ్రత తగ్గినది. తరువాత 1930ల మధ్యకాలమున అమెరికాలో లాంగ్, ల్యూకెన్సు అనువారు పిల్లులలో అడ్రినల్ గ్రంథులను తీసివేసి అట్టి ఫలితమునే పొందిరి. మూత్రపిండముల నెత్తిన టోపీవలె కూర్చుండు ఆ చిన్న గ్రంథులు రక్తములోని చక్కెరను పైకి నెట్టునని ఆనాడే తెలిసినది. ఆ గ్రంథుల రసము స్టెరాయిడు మందుగా మనుష్యులకు అందుటకు ముందే దాని దోషము బయటపడినదన్న మాట! వైద్యచరిత్రలో ఇట్టి ముందస్తు హెచ్చరిక అరుదు.

మందు వచ్చినది 1948 సెప్టెంబరులో. అమెరికాలోని మేయో వైద్యశాలలో, కీళ్ళవాతముతో మంచము పట్టిన యువతి యొకతెకు హెంచి అను వైద్యుడు కార్టిజోను సూదులు వేయించెను. కొద్ది దినములలో ఆమె లేచి నడచెను. 1950లో హెంచి, కెండాల్, రైక్‌స్టీన్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. ప్రపంచము ఉప్పొంగినది. కాని మోతాదు పెరిగినకొలది ముఖము ఉబ్బుట, ఎముకలు పెళుసగుట, మూత్రమున చక్కెర పోవుట కనబడసాగెను.

అది జరుగు విధమిది. స్టెరాయిడు లోపలికి పోయినంత కాలేయము మరింత గ్లూకోజును తయారుచేసి రక్తములోనికి వదలును. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టినను కండరములు తెరువవు. మధుమేహి క్లోమము అసలే అలసినది. ఈ అదనపు బరువును మోయలేదు. ఇక పంతులుగారి లెక్కల మాట: ఉదయము మ్రింగిన ప్రెడ్నిసొలోన్ ప్రభావము మధ్యాహ్నమునుండి రాత్రివరకు బలముగానుండి, తెల్లవారుసరికి సన్నగిల్లును. కనుక పరగడుపు లెక్క ఒక్కటే చూచుకొన్నవాడు మోసపోవును. డెక్సామెథసోన్ అట్లు కాదు. అది ఒకటిన్నర దినమునకు పైగా పనిచేయును గనుక తెల్లవారినను చక్కెర దిగదు.

ఈ డెక్సామెథసోనే 2020 జూనులో మరల వార్తలకెక్కినది. బ్రిటనులో జరిగిన 'రికవరీ' పరిశోధనలో, దినమునకు 6 మిల్లీగ్రాముల చొప్పున, మించినచో పది దినములు ఈ మందు ఇయ్యగా, శ్వాసయంత్రముపైనున్న కోవిడు రోగులలో మరణములు మూడవవంతు తగ్గినవి. ఆక్సిజను అవసరము లేనివారికి మాత్రము మేలేమియు కనబడలేదు. ఈ రెండవ వాక్యము జనమున కెక్కలేదు. 2021 వేసవిలో, పడకలు దొరకక, గాలి దొరకక జనము అల్లాడిన దినములలో, జ్వరము తగిలిన మొదటినాడే ఈ మాత్రలు మ్రింగినవారు ఎందరో. చక్కెర చూచినవారు కొందరే. తమకు చక్కెర ఉన్నదనియే ఎరుగనివారు మరికొందరు.

దాని వెంట వచ్చినదే మ్యూకర్ బూజు – పత్రికలు నల్ల ఫంగసు అన్న జబ్బు. ఆ బూజు విత్తనములు మట్టిలోను గాలిలోను ఎప్పుడును ఉండునవే. రక్తమున చక్కెర పొంగి, స్టెరాయిడు వలన శరీర రక్షణ సడలినపుడు అవి ముక్కులో మొలకెత్తి, కంటికి, మెదడుకు ప్రాకును. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వము దీనిని తప్పక తెలుపవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాదు కోఠిలోని చెవి ముక్కు గొంతు వైద్యశాలను చికిత్సా కేంద్రము చేసినది. ఆంధ్రప్రదేశ్ ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చినది. దీనికి మందైన ఆంఫోటెరిసిన్ 1950ల నాటిదే. అయినను ఆ మే, జూను మాసములలో సూదిమందు సీసాకై ఊరూర వెదకవలసివచ్చినది. ప్రాణము దక్కినవారిలో కన్ను పోయినవారు, పైదవడ పోయినవారు కలరు. కోవిడు నుండి బయటపడి ఇంటికి వచ్చిన తరువాత జరిగిన నష్టమిది.

ఇదంతయు విని స్టెరాయిడును తిట్టుట న్యాయము కాదు. పంతులుగారి ఊపిరిని నిలిపినది అదియే. ఆయనకు మేము చెప్పినది, వైద్యులు చెప్పుదురని మే మెరిగినది: మాత్రలు నడచునంతకాలము మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకొకమారు, రాత్రి భోజనమునకు ముందొకమారు చక్కెర చూచుకొని, ఆ లెక్కలు వైద్యునికి చూపవలెను. అవసరమైనచో ఆయన కొన్నాళ్ళు ఇన్సులిన్ పెట్టును, లేదా ఉన్నదానిని పెంచును. స్టెరాయిడు తగ్గించునపుడు దీనిని కూడ తగ్గింపవలెను. లేనిచో చక్కెర అడుగంటి చెమటలు పట్టి మనిషి పడిపోవును. వారములకొలది వాడిన స్టెరాయిడును భయపడి తమంత తామే ఒక్కసారి మానరాదు. అంతకాలము పని లేక నిద్రించిన అడ్రినల్ గ్రంథులు వెంటనే మేల్కొనవు. అమితమైన దాహము, వాంతులు, మగత కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మోకాళ్ళ నొప్పికని చేతికిచ్చు పేరులేని పొడులలోను స్టెరాయిడు దాగియుండవచ్చును.

"జొన్నరొట్టె తింటే ఏం గాదు గదా సార్?" అని పంతులుగారు తుదకు అడిగిరి. జొన్నరొట్టెకు లెక్క లేదని మా సీమలో ఒక నమ్మకము. అదియు చక్కెరగా మారునదే. మూడు రొట్టెలు మూడు రొట్టెలే. ఆయన నవ్వి, పుస్తకములో సాయంకాలపు వరుసకు గీతలు గీయనారంభించిరి.