పాత ఆటల పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకోవచ్చా?

రెజైనాలో మన పిల్లలు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పాత పుస్తకాల్లోని రాక్షసుల వివరాలు, మంత్రాలు ఏర్చికూర్చి స్నేహితులకు పంపుతున్నారా? 1974 నాటి ఆటే కదా అనుకోవద్దు. కెనడాలో కాపీరైట్ రచయిత మరణించాక 70 ఏళ్లు ఉంటుంది. 2022 డిసెంబరు 30కి ముందు అది 50 ఏళ్లే. పుస్తకం ముద్రణ ఆగిపోయినా హక్కు పోదు.

ఆడే పద్ధతికి కాపీరైట్ లేదు. దాన్ని వివరించే వాక్యాలకు, బొమ్మలకు ఉంది. అందుకే నియమాలను సొంత మాటల్లో రాసి పంచుకోవచ్చు. సొంత కథలు అల్లి, మూలం పేర్కొని, లాభాపేక్ష లేకుండా పంచడానికి 2012 చట్ట సవరణ కొన్ని షరతులతో వీలిచ్చింది. పేజీలను ఉన్నవున్నట్టు స్కాన్ చేసి పంచితే అది వర్తించదు. ఉచితంగా పంచినా, కేసు ఓడితే 100 నుంచి 5,000 డాలర్ల వరకు చట్టబద్ధ పరిహారం పడవచ్చు.

2023లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదలైన 'ఎస్ఆర్‌డీ 5.1' నియమాలనైతే, మూలం పేర్కొని నిశ్చింతగా పంచుకోవచ్చు.