గోదావరి అవతలికి బండి కట్టడం

ఉత్తర తెలంగాణలో ఎడ్లబండి మీద దూరప్రయాణం పెట్టుకోవడానికి పుష్య, మాఘ మాసాలు మంచి కాలం. అప్పటికి వానకాలపు పంట ఇంటికి చేరుతుంది. దొడ్లో కొత్త చొప్ప పడుతుంది. వాగులు బండి దిగి దాటేంతగా తగ్గుతాయి. నల్లరేగడి బాటలో వానలకు పడిన చక్రాల జాడలు ఎండి గట్టిపడతాయి. పెద్ద జాతరలు కూడా ఈ రెండు నెలల్లోనే వరుసగా వస్తాయి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారంలో సమ్మక్క సారలమ్మ, మాఘ బహుళ చతుర్దశికి వేములవాడలో శివరాత్రి. బండి నడిచే కాలాన్ని చూసే జాతరలు కుదిరాయనిపిస్తుంది.

ఈ దారుల్లో వేములవాడ పాత మజిలీ. పదో శతాబ్దంలో ఇది వేములవాడ చాళుక్యుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నది ఇక్కడే. జనం నోట మాత్రం ఇది రాజన్నగా కొలిచే శివుడి ఊరు. మేడారం పోయేవాళ్లు ముందు రాజన్నను దర్శించుకోవడం నేటికీ ఆచారం. ఇక్కడి మొక్కుల్లో పేరున్నది కోడె మొక్కు. భక్తులు గుడి కోనేరు ధర్మగుండంలో స్నానం చేసి, కోడెను పట్టుకొని గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి, గుడి దగ్గర కట్టేస్తారు. దుక్కికైనా దూరానికైనా ఎద్దునే నమ్ముకున్న రైతుకు ఇంతకన్నా విలువైన మొక్కు మరొకటి లేదు.

ప్రయాణానికి ముందు పని మొదలయ్యేది వడ్రంగి కొట్టంలో, కమ్మరి కొలిమిలో. చక్రంలో కుండ, ఆకులు, పూటీలు కర్రవి. వాటిని బిగించి పట్టేది చుట్టూ ఉండే ఇనుప పట్టా. ఎండకు కర్ర కుంచించుకుపోతే పట్టా వదులై, రాళ్ల బాటలో ఊడిపోతుంది. అందుకే బయల్దేరేముందు పట్టాను కొత్తగా ఎక్కించేవారు. కమ్మరి పట్టాను కొంచెం కోసి, అతికించి, చక్రం కన్నా కాస్త చిన్నది చేస్తాడు. దాన్ని నేల మీద పరిచి చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. ఎర్రబడ్డాక ఇనుము సాగుతుంది. నలుగురు పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, సమ్మెటలతో కొట్టి దింపి, వెంటనే కడవలతో నీళ్లు పోస్తారు. పొగ, ఆవిరి కమ్ముకుంటుండగా ఇనుము ముడుచుకుపోతుంది. ఆకులు పూటీల్లోకి కిర్రుకిర్రుమంటూ బిగుసుకుంటాయి. ఆ చప్పుడు వింటేనే చక్రం కుదిరిందని కమ్మరికి తెలిసిపోతుంది. ఒక్క మేకు లేకుండా అన్ని కర్రముక్కలను ఒక్కటి చేసే ఈ పనితనానికి గ్రంథాల్లో దక్కాల్సినంత చోటు దక్కలేదు.

తర్వాత ఇరుసుకు కందెన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ముద్దగా చేస్తారు. దాన్ని వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీస్తారు. దారిలో ఇరుసు అరిచినప్పుడల్లా చీల తీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి పూయాలి. కందెన అయిపోయిన బండి దూరం నుంచే తెలుస్తుంది. అదనంగా ఒక చీల, కాడికి పలుపులు, పగ్గాలు, చిన్న గొడ్డలి, నీళ్లు తోడుకోవడానికి చేంతాడు, బొక్కెన తప్పకుండా ఉండాలి.

ఎడ్లకు నాడాలు కొట్టించడం మరో పెద్ద పని. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కాబట్టి కాలికి రెండు చొప్పున ఒక్కో ఎద్దుకు ఎనిమిది నాడాలు కావాలి. గుర్రంలా నిలబెట్టి కొట్టడం కుదరదు. మోకులు వేసి పక్కకు పడదోసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి కొడతారు. మేకు పక్కకు పోతే ఎద్దు కుంటుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. అందుకే నాడాలు కొట్టించాక దగ్గరి ఊర్లకు నడిపి, కాలు చూసుకున్నాకే దూరం పోయేవారు. బయల్దేరడానికి కొన్నాళ్ల ముందు నుంచి ఉలవలు ఉడకబెట్టి, తవుడు, పల్లిచెక్క కలిపి పెట్టి ఎడ్లను బలపరిచేవారు.

బండిలో అడుగున చొప్ప, పైన గడ్డి. అదే మేత, అదే పరుపు. మనుషులకు జొన్నరొట్టెలు, అటుకులు, సత్తుపిండి, ఎండుమిరప కారం, ఉల్లిగడ్డ. ఆడవాళ్లు, పిల్లలు ఉంటే గూడు కట్టిన కచ్చురం. గోదావరి దాటి ఆదిలాబాద్ అడవుల్లోకి పోతే చలి తీరే వేరు. జనవరి రాత్రుల్లో అక్కడ పలుమార్లు 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. దానికి మందు గొంగడి. కురుమలు గొర్రెబొచ్చుతో నేసే ఈ నల్ల గొంగడి మంచును లోపలికి రానివ్వదు. పగలు కప్పుకోవడానికి, రాత్రి పరుచుకోవడానికి, జల్లు పడితే కొప్పెర వేసుకోవడానికి అదే.

ఇంకా ఉత్తరానికి, కాశీ దాకా పోయేవారి సన్నాహం ఎలా ఉండేదో ఏనుగుల వీరాస్వామయ్య రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో వివరంగా దొరుకుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న డేరాలు, పల్లకీ బోయీలు, వంటసామానుతో, దాదాపు వంద మంది పరివారంతో బయల్దేరాడు. హైదరాబాదు నుంచి నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతం మీదుగా నాగపూర్ చేరి, కాశీ, గయ, కలకత్తా చూసి, 1831 సెప్టెంబర్ 3న ఇంటికి తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్లో ఏ వస్తువు దొరుకుతుందో, ఏ వాగు ఎలా దాటాలో వెనుక వచ్చేవారి కోసం రాసిపెట్టాడు. అలాంటి పరివారం లేని పల్లె రైతుకు అంత సమాచారమూ పెద్దల నోటిమాటగానే అందేది.

చలికాలపు యాత్రకు ఇప్పటికీ అచ్చమైన ఆనవాలు ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్. అక్కడి నాగోబా గోండుల్లో మెస్రం వంశీయుల దేవుడు. పుష్యమాసంలో నెలవంక కనిపించాక పెద్దలు కూర్చొని ఏ రోజు ఏం చేయాలో నిర్ణయిస్తారు. ఎడ్లబండి కట్టుకొని సిరికొండ వెళ్లి, జాతరకు కావలసిన కుండలు చేయమని అక్కడి కుమ్మరులకు చెప్పి వస్తారు. ఆ తర్వాత తెల్లబట్టలు కట్టి, చెప్పులు లేకుండా, ఊరూరా ఆగుతూ జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు నడుస్తారు. అక్కడ గోదావరి నీటిని ఝారీలో నింపుకొని, వచ్చినట్టే నడుచుకుంటూ తిరిగొస్తారు. దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు.

కుటుంబాలు బండ్లలో సామాను వేసుకొని కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతాయి. అక్కడ పోయినవారికి కర్మలు జరిపి, అమావాస్య రాత్రి తాము తెచ్చిన గోదావరి జలంతో నాగోబాకు మహాపూజ చేస్తారు. వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేసే భేటింగ్ అప్పుడే జరుగుతుంది. గోవాడ్ అనే ఆవరణలో 22 పొయ్యిల మీద వంట సాగుతుంది. 1940లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీం జోడేఘాట్‌లో మరణించాక, గిరిజనుల గోడు వినడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో నిజాం కాలంలోనే ఈ జాతరలో దర్బారు మొదలైంది.

రోడ్లు, వంతెనలు వచ్చాక బండ్ల వరుసలు పలచబడ్డాయి. పట్టా బిగించే కొలిములు చాలా ఊళ్లలో చల్లారిపోయాయి. వేములవాడకు జనం ఎక్కువగా బస్సుల్లో వస్తున్నారు. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు సొంత డబ్బుతో రాతిగుడి కట్టుకొని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నారు. కొత్త గుడికి కూడా గోదావరి జలం తేవడం మాత్రం ఇంకా కాలినడకనే.