ఎల్లలు దాటిన నేర దర్యాప్తు, వ్యక్తిగత సమాచార రక్షణ: సికింద్రాబాద్ నుంచి ఒక చరిత్ర

నిందితుణ్నో సాక్ష్యాన్నో మరో ప్రభుత్వానికి అప్పగిస్తే, వాళ్లు దాన్ని దేనికి వాడుకోవచ్చు? సికింద్రాబాద్‌కు ఇది పాత ప్రశ్న. కంటోన్మెంటులో బ్రిటిష్ అధికారం, చుట్టూ నిజాం రాజ్యం. ఈ ఊరికి 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. నేరస్థుల అప్పగింతకు 1867లోనే ఒప్పందం ఉన్నా, పట్టాలు పడ్డ భూమిపై అధికారాన్ని నిజాం బ్రిటిష్ వారికి వదలడంతో చిక్కు మొదలైంది.

మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే హైదరాబాదీని సిమ్లా మేజిస్ట్రేటు వారంటుతో రైల్వే భూమిలో అరెస్టు చేశారు. ఆ కేసుకు రైల్వేతో సంబంధం లేదు. నిజాం ఇచ్చింది రైల్వే అవసరాలకు కావలసిన అధికారమేనని, ఆ అరెస్టు చెల్లదని 1897లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. నేటి సమాచార రక్షణ చట్టాల్లోని ప్రయోజన పరిమితికి, అంటే సేకరించిన పనికే సమాచారాన్ని వాడాలన్న నియమానికి, ఇంత తేటైన పూర్వరూపం అరుదు.

1962 నాటి అప్పగింత చట్టంలోనూ అదే కట్టుబాటు ఉంది: ఏ నేరానికి రప్పించారో ప్రధానంగా దానికే విచారణ. 2005లో పోర్చుగల్ అప్పగించిన గ్యాంగ్‌స్టర్ అబూ సలేంపై కర్నూలు చిరునామాతో పొందిన నకిలీ పాస్‌పోర్టు కేసు హైదరాబాద్ సి.బి.ఐ. కోర్టులో నడిచింది. పోర్చుగల్‌కు ఇచ్చిన 25 ఏళ్లకు మించి శిక్ష ఉండదన్న హామీకి కట్టుబడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

మనిషి బదులు సమాచారం ఎల్ల దాటడం మొదలయ్యాక పని జటిలమైంది. విదేశీ కోర్టుకు అభ్యర్థన లేఖ పంపేందుకు అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 166ఎ సెక్షను 1990లో వచ్చింది. అమెరికాతో పరస్పర సహాయ ఒప్పందం 2005లో అమలైంది. హైదరాబాద్ దర్యాప్తు అధికారికి అమెరికా సర్వర్లోని మెయిల్ కావాలంటే అభ్యర్థన కేంద్ర హోంశాఖ ద్వారా వెళ్లాలి, అక్కడి జడ్జి తగిన కారణం ఉందని నమ్మి వారంటు ఇవ్వాలి. ఆలస్యం బాధితుణ్ని నిజంగా నలిపేస్తుంది. అయినా ఆ జడ్జి పరిశీలనను తీసేయమనడం తప్పు. ఇలాంటి సహకారానికే ఉద్దేశించిన 2001 నాటి బుడాపెస్ట్ సైబర్ నేరాల ఒప్పందంలో భారత్ చేరలేదు.

2017లో పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం 17వ సెక్షనులో నేర దర్యాప్తుకు విశాలమైన మినహాయింపు ఇచ్చింది. సమ్మతి, సమాచారం తెలుసుకునే హక్కు, విదేశాలకు పంపడంపై 16వ సెక్షను ఆంక్షలు అక్కడ వర్తించవు. మిగిలేవి ప్రధానంగా సమాచారాన్ని భద్రంగా ఉంచే పూచీ, చట్టాన్ని పాటించే బాధ్యత. పంపిన సమాచారాన్ని అవతలి దేశం మరో కేసుకు వాడకుండా ఆపే మాట ఆ సెక్షనులో లేదు.