సికింద్రాబాద్ పేదింట్లో ఫ్యాక్టరీ వాటా

ఇంటి భాగాలను ఫ్యాక్టరీలో తయారుచేసి, స్థలానికి తెచ్చి బిగించే ప్రీఫాబ్ పద్ధతికి దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. సికింద్రాబాద్‌కు అది ఒకేసారి పూర్తి ఇల్లుగా రాలేదు. మొదట పైకప్పుగా వచ్చింది. చాలాకాలం తర్వాత గోడలుగా వచ్చింది. ఇల్లు మొత్తంగా లారీ మీద దిగే రోజులు వచ్చేసరికి, కొనేవాళ్లు వేరేవాళ్లయ్యారు.

1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లీషు సైన్యానికి స్థిరమైన చోటు దొరికింది. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన వెలసిన ఆ దండు బస్తీకి 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండును నమ్ముకుని వచ్చిన చాకళ్లు, బండ్లవాళ్లు, వంటవాళ్లు, కూలీలు చుట్టుపక్కల గుడిసెలు వేసుకున్నారు. కొంచెం కలిగినవాళ్లది మట్టి గోడ, గూన పెంకు. కుమ్మరి చేతి మీద తయారయ్యే ఆ పెంకు చల్లన. కానీ కోతులు దూకినా, గాలివాన కొట్టినా కదిలిపోయేది. వానలకు ముందు ఏటా కప్పు సర్దించుకోవాల్సిందే.

1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే ఆ బల్లపరుపు పెంకును తెలంగాణలో బెంగుళూరు పెంకు అనేవారు. అన్నీ ఒకే కొలత, ఒకే బరువు కాబట్టి వాసాల మధ్య ఎంత దూరం ఉండాలో వడ్రంగికి ముందే తెలిసేది. ఇంటి కొలతను ఫ్యాక్టరీ నిర్ణయించడం ఇక్కడినుంచే మొదలైందని చెప్పవచ్చు. అంతకుముందే లండన్‌లో హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో ఇనుప రేకును అలలుగా మడిచి పేటెంటు తీసుకున్నాడు. పలచటి రేకుకు ఆ మడతలే బలం. 1837లో ఫ్రాన్సులో జింకు పూత పద్ధతి రావడంతో తుప్పు బెడద కూడా తగ్గింది. 1874లో వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వేశాక, బొంబాయి రేవులో దిగిన బరువు సరుకు ఇక్కడికి చేరడానికి దారి ఏర్పడింది.

పేదవాడి కప్పును నిజంగా మార్చింది మాత్రం ఇనుము కాదు, సిమెంటు రేకు. సిమెంటులో ఆస్బెస్టాస్ నార కలిపి పలచటి పలకలు చేసే పద్ధతిని ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాచెక్ 1900 ప్రాంతంలో కనిపెట్టాడు. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ ఏర్పడి, సికింద్రాబాద్‌కు పడమరన సనత్‌నగర్‌లో అదే రకం రేకులు తయారుచేసింది. వాటిని చార్మినార్ గుర్తుతో అమ్మారు. కాలక్రమంలో ఏ కంపెనీ సిమెంటు రేకునైనా చార్మినార్ రేకు అనడం చాలామందికి అలవాటైంది. మందం 6 మిల్లీమీటర్లు, వెడల్పు మీటరు పైచిలుకు, పొడవు అవసరాన్ని బట్టి.

రేకుల ఇల్లు కట్టే తీరు తెలిస్తేనే అది ఎందుకంతగా పాకిందో అర్థమవుతుంది. నాలుగు గోడలు లేపి, ఒకవైపు కాస్త ఎత్తు పెట్టి, అడ్డంగా దూలాలో ఇనుప పైపులో వేసి, రేకులు పరిచి, రంధ్రాల్లోంచి జె బోల్టులు దించి, వాషర్లతో బిగిస్తే కప్పు అయిపోయినట్టే. గోడలు సిద్ధంగా ఉంటే ఒక గదికి ఒక్క రోజు పని. అదే స్లాబుకు సెంట్రింగు కావాలి, ఇనుప చువ్వలు కావాలి, పోసిన తర్వాత రెండు మూడు వారాలు నీళ్లు పట్టాలి. ఆ డబ్బంతా ఒకేసారి చేతిలో ఉండాలి. రేకుల ఇల్లు అలా కాదు. చిట్టీ పాడిన ఏడాది ఒక గది, కొడుకు పెళ్లి ముందు ఇంకో గది, వెనకాల వంటకు ఒక సాయబాను. రాణిగంజ్ ఇనుప దుకాణాల్లో బోల్టుల నుంచి పైపుల దాకా విడివిడిగా దొరికేవి.

అన్నిటికన్నా పెద్ద కారణం భూమి. రసూల్‌పురా, అడ్డగుట్ట లాంటి బస్తీల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి పట్టా లేకుండానే బతికారు. కంటోన్మెంట్‌లో చాలా స్థలం రక్షణ శాఖది. అక్కడి కట్టడాలకు మొదట 1924 కంటోన్మెంట్ల చట్టం, తర్వాత 2006 చట్టం వర్తించాయి. ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఉన్న చోట స్లాబు పోయడం డబ్బును భూమిలో పాతిపెట్టడమే. రేకైతే విప్పుకుని పోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, లేదంటే అమ్ముకోవచ్చు. పట్టా లేనివాడికి ఫ్యాక్టరీ ఇచ్చిన అసలు మేలు ఇదే.

ఆ మేలుకు చెల్లించిన మూల్యం కూడా పెద్దదే. ఎండాకాలంలో రేకుల కింద మధ్యాహ్నం కూర్చోలేరు. పైన సున్నం కొట్టడం, తడి గోనెపట్టాలు పరచడం, సొర పాదు పాకించడం లాంటి ఉపాయాలన్నీ ఇంటింటా పుట్టాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. కానీ ఇళ్ల విషయంలో చల్లని కప్పు తప్పనిసరి చేసింది 600 గజాలు, అంతకు మించిన స్థలాలకే. చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. వేడికి ఎక్కువగా మగ్గేది ఆ చిన్న ఇళ్లే కదా! ఇక ఆస్బెస్టాస్ నార పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సరు వస్తాయన్నది వైద్యంలో తేలిన విషయం. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమ కార్మికుల ఆరోగ్య రికార్డులు దశాబ్దాలపాటు భద్రపరచాలని, వారికి బీమా ఉండాలని ఆదేశించింది. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. భారతదేశంలో రేకుల తయారీ, అమ్మకం ఆగలేదు. పాత రేకును పగలగొట్టేటప్పుడు, కోసేటప్పుడు లేచే దుమ్ము గురించి కూలీలకు చెప్పేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

పూర్తి ఇంటినే ఫ్యాక్టరీలో చేయాలన్న ప్రయత్నం దేశంలో లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ లక్షా యాభై వేలకు పైగా తాత్కాలిక ఇళ్లను ఇలా నిలబెట్టింది. దాన్ని చూసి, దేశ విభజనలో నిలువ నీడ కోల్పోయినవాళ్ల కోసం 1948లో ఢిల్లీలోని జంగ్‌పురాలో ప్రభుత్వం ఇళ్ల ఫ్యాక్టరీ తలపెట్టింది. ఆ బాధ్యత తీసుకున్నది ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. గృహ నిర్మాణ డైరెక్టరు, అంతకుముందు మైసూరు సంస్థానంలో పనిచేసిన జర్మన్ వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బర్గర్. తేలిక కాంక్రీటు పలకలు పగుళ్లివ్వడంతో అనుకున్నన్ని ఇళ్లు రాకుండానే ఆ పథకం ఆగింది. ఫ్యాక్టరీ 1953లో హిందుస్థాన్ హౌసింగ్ ఫ్యాక్టరీ అనే కంపెనీగా మారింది, 1978లో హిందుస్థాన్ ప్రీఫాబ్ అయింది. చవక ఇల్లు ఫ్యాక్టరీ నుంచి వస్తుందన్న ఆశకు ఆ పగుళ్లు చాలాకాలం అడ్డుపడ్డాయి.

సికింద్రాబాద్‌లో గోడ వంతు ఆ తర్వాత వచ్చింది. 1981లో ఏర్పడి, సర్దార్ పటేల్ రోడ్డు కేంద్రంగా నడిచే విశాఖ ఇండస్ట్రీస్ సిమెంటు రేకులతో మొదలుపెట్టి, ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంటు బోర్డులు, వాటి మధ్య తేలిక కాంక్రీటు నింపిన ప్యానెళ్లు చేయసాగింది. సనత్‌నగర్ కంపెనీ కూడా ఏరోకాన్ పేరుతో అలాంటి ప్యానెళ్లనే తెచ్చింది. రెండడుగుల వెడల్పు, నిలువెత్తు పొడవు ఉండే ప్యానెళ్లను ఇనుప చట్రంలో ఒకదాని పక్కన ఒకటి నిలబెడితే గోడ తయారు. ఇటుక పేర్చే పని, ప్లాస్టరింగు తప్పుతాయి. ఇలాంటి ప్యానెళ్లతో కట్టే చిన్న ప్రీఫాబ్ ఇళ్లు నేడు అమ్మకానికి ఉన్నాయి. 2021లో కరీంనగర్ దగ్గర బొమ్మకల్‌కు చెందిన ఒక యువ ఇంజనీరు ప్యానెళ్లు కూడా లేకుండా పెద్ద కాంక్రీటు గొట్టాన్నే సుమారు 120 చదరపు అడుగుల ఇల్లుగా మలిచి చూపింది.

ప్రభుత్వం మాత్రం మరో దారి పట్టింది. పేదలకు ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇళ్ల పథకానికి నాంది పలికిన ఐడీహెచ్ కాలనీ సికింద్రాబాద్ భోయిగూడలోనే ఉంది. 2015 నవంబరులో అక్కడ 396 కుటుంబాలకు కింది అంతస్తు, దానిపై రెండంతస్తులతో కట్టిన బ్లాకుల్లో 580 చదరపు అడుగుల ఇళ్లు ఇచ్చారు. అవి ఆ కుటుంబాలు ఉన్నచోటే కట్టినవి. అంత చోటు నగరం నడిమధ్య మళ్లీ మళ్లీ దొరకదు. 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 ఇళ్ల సముదాయం పటాన్‌చెరు వైపున్న కొల్లూరుకు వెళ్లింది. అచ్చులు బిగించి గోడ, స్లాబు కలిపి పోసే షియర్ వాల్ పద్ధతి అక్కడ వేగాన్ని ఇచ్చింది. కూలి దొరికే అడ్డా మాత్రం దూరమైంది.

చిన్న స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవాడికి కాగితాల బాధ కొంత తగ్గింది. 2014 డిసెంబరులో వచ్చిన జీఓ 58, ప్రభుత్వ భూమిలో ఉంటున్న పేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరణకు వీలిచ్చింది. భవన అనుమతుల కోసం వచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో కింది అంతస్తు, దానిపై ఒక అంతస్తు వరకు ఇంటికి అనుమతి అక్కర్లేకుండా, ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్‌తో సరిపెట్టింది. ప్రీఫాబ్ ఇంటికి ఇది అనువైన మార్పే. అయితే 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల సాయం బేస్‌మెంటుకు కొంత, గోడలకు కొంత, స్లాబుకు కొంత చొప్పున విడతలుగా వస్తుంది. మేస్త్రీ కట్టే ఇంటికి ఈ లెక్క చక్కగా కుదురుతుంది. ఫ్యాక్టరీ ఇంటికి ఆర్డరుతో బయానా, దింపేలోగా మిగతా సొమ్ము కట్టాలి. అందువల్ల శామీర్‌పేట, మేడ్చల్ వైపు తోటల్లో విడిది కోసం స్థలం కొన్నవాళ్లకు, కట్టడాల దగ్గర ఆఫీసు గది కావాల్సిన కాంట్రాక్టర్లకు ప్రీఫాబ్ గదులు పనికొస్తున్నాయి. బస్తీలో కుటుంబం మాత్రం స్లాబుకు డబ్బు కూడేదాకా రేకుల కిందే ఉంటోంది.